యారాలి హస్తవాసి

నా రోగం మా యారాలికి వచ్చింది. వచ్చింది సరే, వారం తిరక్కుండానే పోయింది కూడా. వచ్చినప్పుడు నేనంత బాధపడలేదు. పోయినప్పుడు మాత్రం కడుపు మండిపోయింది. ఇలా చెబితే నన్ను ఏమనుకుంటారో నాకు తెలుసు. అనుకోండి. మూడేళ్ళు గోడ పట్టుకుని నడిచి, ఆ తర్వాత వచ్చి నాకు నీతులు చెప్పండి.

యారాలంటే తోడికోడలు. పేరు ప్రసన్న, నా మరిది వినోద్ భార్య. బతుకుదెరువుకు గుజరాత్ వచ్చినవాళ్ళం. కోసాడ్‌లో సర్కారు కట్టించిన ఇళ్ళల్లో మేం మూడో అంతస్తు, వాళ్ళు మా కింద. అన్నదమ్ములిద్దరూ ఒకే కార్ఖానాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతారు. మా అత్త లింగవ్వకు అన్నం మా ఇంట్లో, ముచ్చట్లు వాళ్ళింట్లో. చిన్నకోడలు నవ్వుతూ మాట్లాడుతుందట. తల తిరగనివాళ్ళు ఎవరైనా నవ్వుతూనే మాట్లాడతారు.

నా రోగం కంటికి కనిపించేది కాదు. అదే దానితో వచ్చిన తంటా. ముందు ఎడమ చెవి నీళ్ళు పోయినట్టు దిమ్మెక్కుతుంది. లోపల సాంచె నడుస్తున్నట్టు మోత మొదలవుతుంది. ఆ తర్వాత ఇల్లు తిరుగుతుంది. గోడలు, పంకా, దేవుడి పటాలు అన్నీ ఒకే పక్కకు పరిగెడతాయి. ఒక పూటంతా వాంతులు, మర్నాడంతా నీరసం. చెవిలోపల ఉండే నీరు పొంగినప్పుడల్లా ఇలా అవుతుందని పెద్ద దవాఖానాలో చెవి డాక్టరు చెప్పాడు. పూర్తిగా పోదమ్మా, అదుపులో పెట్టుకోవాలి, గోలీలు వేసుకో, ఉప్పు బాగా తగ్గించు అన్నాడు. ఆ చెవి ఇప్పుడు సగమే వినిపిస్తుంది.

అప్పటినుంచి నా బతుకంతా కొత్తగా సర్దుకున్నాను. పొద్దున మెలకువ రాగానే లేవను. మంచం అంచున కూర్చుని, ఎదురు గోడకున్న మేకును చూస్తాను. క్యాలెండరు ఎప్పుడో ఊడిపోయింది, మేకు మిగిలింది. అది కదలకుండా ఉందని నమ్మకం కుదిరాకే కాళ్ళమీద నిలబడతాను. తల పైకెత్తే పని లేకుండా సజ్జ మీది గిన్నెలన్నీ నడుమెత్తుకు దించుకున్నాను. తలస్నానం కళ్ళు తెరిచే చేస్తాను, సబ్బు మండినా సరే. కళ్ళు మూస్తే బాత్రూమే తిరగబడుతుంది. మెట్ల మీద గోడ పక్క నాది. ఎదురుగా ఎవరొచ్చినా నేను తప్పుకోను, వాళ్ళే తప్పుకోవాలి. చీరలకు రాళ్ళంటించే పని మానేశాను, వంగితే నా పని అయిపోతుంది. గోడకు చేరగిలబడి చీరల దారాలు కత్తిరించే పని పట్టుకున్నాను.

అన్నిటికంటే కష్టం ఉప్పు. మా అమ్మ ఊరినుంచి పంపే మామిడికాయ తొక్కు సీసా మూత తీసి, వాసన చూసి, మూత పెట్టేసేదాన్ని. నా కూర వేరే గిన్నెలో వండుకునేదాన్ని. దాన్ని కుక్కకు పెట్టినా ముట్టదు.

ఇంత చేస్తున్నా మా అత్త నమ్మలేదు. "కాలిరిగితె కట్టు కనవడ్తది. జ్వరమొస్తె ఒళ్ళు కాల్తది. దీనికేం కనవడ్తది? పొద్దుగాల మంచిగనె ఉంటది, పని చెప్పంగనె చక్కర్లొస్తయ్," అని కింది వాటాలో చెప్పేది. ఆ మాటలు మెట్లెక్కి నా దగ్గరికే వచ్చేవి. మా ఆయన పరుశురాం మంచివాడే. నమ్ముతాడు. కానీ నమ్మీ నమ్మీ అలసిపోయాడు. అలసిన మనిషి నమ్మకం కూడా గోడ పట్టుకునే నడుస్తుంది.

ఇక ప్రసన్న సంగతి. అది కాళ్ళతో పుట్టింది. తల ముందు రాకుండా కాళ్ళు ముందు వచ్చాయన్నమాట. అలా పుట్టినవాళ్ళు కాలితో తాకితే నడుం పట్టు విడుస్తుందని మనవాళ్ళకు ఒక నమ్మకం. బిల్డింగులో ఎవరికి నడుం పట్టేసినా ప్రసన్న గుమ్మం ముందు బోర్లా పడుకునేవాళ్ళు. అది మెల్లగా మూడుసార్లు తన్నేది. లేచి, "నీ కాలు సల్లగుండ బిడ్డా," అని అరటిపళ్ళు ఇచ్చి పోయేవాళ్ళు. తన్ని అరటిపళ్ళు తీసుకునే అదృష్టం అందరికీ ఉండదు. నేను తలతో పుట్టాను, ఆ తలే నన్ను పట్టుకుంది.

ఈ వానాకాలం ఒక పొద్దున కింది వాటానుంచి వినోద్ పరుగెత్తుకొచ్చాడు. "వదినె, జర కిందికి రా. ప్రసన్న పక్కకు మర్లితె ఇల్లంత తిరుగుతున్నదంటున్నది."

నేను గోడ పట్టుకునే దిగాను, కానీ ఆ మెట్లు ఎప్పుడూ అంత తొందరగా దిగలేదు. ప్రసన్న మంచం పట్టె రెండు చేతులతో పట్టుకుని పడి ఉంది. మొహంలో నెత్తురు లేదు. పక్కన చెంబు, చెంబులో వాంతి. "అక్కా, నీకు గిట్లనే అయితదా?" అని అడిగింది. మూడేళ్ళలో ఆ ఇంట్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అది.

నిజం చెప్పాలంటే ఆ రెండు రోజులు నేను సంతోషంగా ఉన్నాను. నాకు తెలిసిందంతా దానికి నేర్పాను. నా కూతురు వీణ చేత దాని మంచానికెదురుగా గోడకు ఒక మేకు కొట్టించాను. "కండ్లు దానిమీద పెట్టు. గడ్డం కదలనియ్యకు. రెప్ప గూడ మెల్లగెయ్యి," అన్నాను. అది పసిపిల్లలా విన్నది. అత్త గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూస్తూ, "ఇంత గోస ఉంటదానే దీంట్ల," అంది. అది నాతో అనలేదు, దానితోనే అంది. అయినా ఆ మాటలో నాకూ సగం వాటా వచ్చిందని అనుకున్నాను.

మూడోనాడు వినోద్ దాన్ని చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నేను గుమ్మంలో కూర్చుని చూస్తున్నాను. దీనికీ ఉప్పు మానమంటారు, ఇద్దరికీ ఒకే గిన్నెలో చప్పటి కూర వండుకోవచ్చు అని లెక్కలు వేసుకున్నాను. సాయంత్రం మెట్ల మీద గబగబా చప్పుడైంది. ప్రసన్న. గోడ పక్కన కాదు, మెట్ల మధ్యలోంచి ఎక్కుతూ వచ్చింది. చేతిలో జిలేబీ పొట్లం.

"పోయిందక్కా. డాక్టరు పండవెట్టి తలకాయ అటు తిప్పిండు, ఇటు తిప్పిండు, లేపి కూసుండవెట్టిండు. గంతె. చెవుల ఏవో సన్నటి రవ్వలు జారినయట. మల్ల వాటి జాగల వడ్డయట," అంది.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. నేను జిలేబీ తీసుకోలేదు. చేతులు ఖాళీ లేవని దారాలు కత్తిరిస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రి నుంచి అత్త నోటికి పని దొరికింది. "గింత సేపట్ల పాయె. గీమె మూడేండ్ల సంది మోస్తున్నది. పోవాలె అనుకుంటె పోతది రోగం." దాని రోగం వేరు, నా రోగం వేరు, దానిది జారిన రవ్వ, నాది పొంగే నీరు అని నేను చెప్పాను. వినేవాళ్ళకు తల తిరగడం తల తిరగడమే. గోరుచుట్టు మీద రోకటిపోటులా ప్రసన్నే ఒకరోజు పైకొచ్చింది. "అక్కా, డాక్టరెట్ల తిప్పిండో నాకు యాదున్నది. నీకు నేను జేస్త," అంది.

"అవసరం లేదు," అన్నాను.

"జేపిచ్చుకోరాదే," అంది అత్త. "దాని కాలే మంచిది, చెయ్యెంత మంచిదుంటదో."

"నడుం పట్టు గాదు తన్నితె పోనీకి."

"పోవద్దనే నీకు. పోతె పని జెయ్యాలె గద."

ఆ మాటకు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఆయన అక్కడే ఉన్నాడు. ఏదైనా అంటాడని చూశాను. "ఒక్కసారి జేపిచ్చుకో మంగా, పోయేదేమున్నది," అన్నాడు మెల్లగా. ఆయన కళ్ళలో ఆశ ఉంది. దానికంటే ఆ తిట్టే నయం.

వరండాలో అత్త నులకమంచం వేశారు. మొదటి అంతస్తులో ఉండే సారక్క పక్కింటివాళ్ళను కూడా పిలుచుకొచ్చింది. నన్ను కూర్చోబెట్టి, ప్రసన్న నా తల పక్కకు తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టింది. తల మంచం అంచునుంచి కిందికి వేలాడింది. వరండా పైకప్పు ఒకసారి గిర్రున తిరిగి ఆగింది. దాని చేతులకు జిగురు వాసన, చీరలకు రాళ్ళంటించే జిగురు. అటు తిప్పింది, ఇటు తిప్పింది, పక్కకు దొర్లించింది, లేపి కూర్చోబెట్టింది. అది నాకు మంచి రోజు. చెవిలో మోత లేదు. మంచి రోజుల్లో నన్ను ఎవరెటు తిప్పినా నాకేమీ కాదు.

"పోయిందా అక్కా?" అని అడిగింది.

అందరూ నా నోటివైపు చూస్తున్నారు. మా ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. అత్త చేతిలో జిలేబీ పళ్ళెం ఉంది, అది నాకోసం తెప్పించిందట. ఈ మూడేళ్ళలో ఆ ఇంట్లో నా కోసమని ఎవరూ మిఠాయి తేలేదు. దానికి పోవచ్చు, నాకు పోకూడదా అనిపించింది.

"పోయింది," అన్నాను.

సారక్క చప్పట్లు కొట్టింది. వీణ వచ్చి నన్ను వాటేసుకుంది. నా నోట్లో పెట్టడానికి అత్త జిలేబీ తుంచింది. తుంచి, తిరిగి, ప్రసన్న నోట్లో పెట్టింది. "నీ చెయ్యి బంగారం గాను," అంది. నాకు రెండో ముక్క దొరికింది.

అక్కడే నాకు అర్థమై ఉండాల్సింది. అబద్ధం నాది, పేరు దానిది. ప్రసన్న హస్తవాసి అమ్రోలీ దాటి కడోదరా దాకా పాకింది. తల తిరిగేవాళ్ళూ, తిరగనివాళ్ళూ దాని గుమ్మం ముందుకొచ్చేవాళ్ళు. ప్రతి ఒక్కరికీ మా అత్త నన్ను పిలిచి చూపించేది. "మా పెద్దకోడలు. మూడేండ్ల రోగం. నడువవే మంగా, జర చూపియ్యి." సంతలో ఎద్దును నడిపించి చూపినట్టు నేను వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచేదాన్ని. గోడ పట్టుకోకుండా. వాళ్ళు చూసేది నన్ను, మెచ్చుకునేది దాన్ని. నాకు కాని నయానికి కూడా దానిమీద నేను కుళ్ళుకోవలసి వచ్చింది.

ఇంట్లో గిన్నెలు మళ్ళీ సజ్జ ఎక్కాయి. నా వేరే గిన్నె బోర్లించి పెట్టేశారు. అన్నం దగ్గర మా ఆయన తన చేత్తో సీసా తెరిచి, "తిను, మీ అమ్మ తొక్కు," అని రోజూ వడ్డించేవాడు. సాంచెల దుమ్ము కనుబొమల మీద ఉండగానే ఆ మనిషి నవ్వుతుంటే కాదనలేకపోయాను. అబద్ధమెందుకు, నోరు కూడా ఊరింది. తిన్నాను. ఉప్పు చెవికెక్కింది. మోత మొదలైంది. బాత్రూంలో నల్లా తిప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున బకెట్ పట్టుకుని కూర్చునేదాన్ని. బయటికొచ్చి, ఎండకు తలనొప్పి అనేదాన్ని.

నిజం చెప్పేయొచ్చు కదా అంటారు. ఎలా చెప్పను? ఇప్పుడు తగ్గలేదు, అబద్ధమాడానంటే, మూడేళ్ళ రోగం కూడా అబద్ధమే అంటారు. నా దగ్గరున్న ఒకే ఒక్క నిజం అది. దాన్ని కూడా నాటకం లెక్కలో వేసేస్తారు.

ఒక ఆదివారం వినోద్ తప్ప అందరం, సారక్కవాళ్ళతో కలిసి, డుమస్ సముద్రపు ఒడ్డుకు పోయాం. నా రోగం పోయిన సంబరానికట. నల్ల ఇసుక, బురద నీళ్ళు, వరసగా టమాట భజియాలు, అదే మన బజ్జీలు, అమ్మే బండ్లు. బండ్ల అవతల చేత్తో పైకీ కిందికీ తిప్పే చిన్న రంగులరాట్నం ఉంది. దాన్ని చూడగానే నేను బండ్ల వైపు తిరిగాను. వీణ చూపు మాత్రం దానిమీదే ఉంది.

"మమ్మీ, చాల్ ని," అంది చెయ్యి లాగుతూ. ఆ పిల్ల నోట సగం గుజరాతీయే, పోదాం పదమని. "మూడేండ్లాయె నువ్వు నాతోటి దేంట్లకు రాక. ఇప్పుడు మంచిగైనవ్ గదా."

"ఇద్దరు యారాండ్లు ఒక డబ్బల కూసోన్రి," అంది అత్త. "చూద్దురు సారక్కోల్లు."

ప్రసన్న మొదట నవ్వింది. తర్వాత ఏదో గొణిగింది. తర్వాత ఎక్కింది. నేను ఎక్కాను. వీణ సారక్క కూతురితో కలిసి మా వెనక డబ్బాలో కూర్చుంది. రాట్నమతను మా ముందు ఇనుప కడ్డీ బిగించి, మిగతా డబ్బాలు నింపడానికి మమ్మల్ని ఒక మెట్టు పైకి తిప్పి ఆపాడు. డబ్బా ఊగింది. నా చెవి అప్పటికే నిండి ఉంది, పొద్దున తిన్న తొక్కు. చూపు ఎక్కడైనా నిలపాలని ఎదురుగా చూశాను. భజియా బండి మీద ఒక బల్బు వేలాడుతోంది. దాన్ని పట్టుకున్నాను.

అప్పుడు పక్కకు చూస్తే, ప్రసన్న కూడా ఆ బల్బునే చూస్తోంది. గడ్డం కదలడం లేదు. రెప్ప మెల్లగా పడుతోంది. వేళ్ళు కడ్డీని పట్టుకుని తెల్లబడ్డాయి. ఆ చూపు నాకు తెలుసు. నేనే నేర్పాను.

"మల్లొచ్చిందా?" అన్నాను.

అది తల తిప్పలేదు. "నాలుగొద్దులాయె అక్కా. ఎవ్వలికి చెప్పలే."

"డాక్టరు దగ్గరికి పోరాదు?"

"ఎట్ల పోవాలె? ఊరందరి తలకాయలు తిప్పిన. నాకే తిరుగుతున్నదంటె నవ్వరా? పొయ్యి కూసున్నననుకో, అక్కడ మనోల్లెవలన్న చూస్తె?" ఆగి, గొంతు తగ్గించి అంది. "నీ మీద మస్తు కుళ్ళుగున్నదక్కా. నా చేతితోటి నీకు పాయె. నాకేమొ మల్లొచ్చె. నువ్వు తొక్కు తినుకుంట, వరండల ఖుల్లా నడుస్తుంటె నాకు సూడబుద్ధి గాలే. పాపిష్టిదాన్ని."

నాకు మొదట వచ్చింది జాలి కాదు. సంతోషం. నన్ను చూసి ఒక మనిషి కుళ్ళుకుంది. అదీ ప్రసన్న. ఆ మాట ఇంకోసారి చెప్పించుకోవాలనిపించింది. అంతలో రాట్నం ఇంకో మెట్టు పైకి కదిలి, బల్బు కిందికి జారిపోయింది. ప్రసన్న గొంతులోంచి ఒక చిన్న మూలుగు వచ్చింది. నా గొంతులోంచి కూడా.

"నీకేందక్కా?" అంది.

"నాకెన్నడు పోలే," అన్నాను. "నీకు పోయిందని ఓర్వలేక పోయిందన్న."

అది అప్పుడు నావైపు తల తిప్పింది. తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకుంది. "ఇప్పుడెట్లనే?" అంది.

"నువ్వు చెప్పు దింపుమని."

"నువ్వే చెప్పక్కా. పెద్దదానివి."

చూశారా, అప్పటికి పెద్దరికం నాకొచ్చింది. కింద మా అత్త తలెత్తి, భజియా పొట్లం ఊపుతూ నవ్వుతోంది. మా ఆయన ఫోనుతో ఫొటో తీస్తున్నాడు. ప్రసన్న కళ్ళు తెరిచి మళ్ళీ ఆ బల్బును వెతుక్కుంది. నేను నోరు మూసుకుని ఒక చుట్టు తిరిగితే అది డబ్బాలోనే వాంతి చేసుకుంటుంది. దాని హస్తవాసి ఆ క్షణాన ఇసుకలో కలుస్తుంది. నేనూ అదే చేసుకుంటాననేది వేరే సంగతి. ఆ లెక్క వేయడానికి నాకు సమయం ఉంది. వేశాను కూడా. కానీ ఆ చూపు నేను నేర్పిన చూపు. గోడకు ఆ మేకు కొట్టించింది నేను.

"భయ్యా, రోకో," అని అరిచాను. "ముఝే ఉతారో. చక్కర్ ఆ రహా హై."

రాట్నం వెనక్కి తిప్పి దింపారు. నేను ముందు దిగాను. ప్రసన్న నా భుజం మీద చెయ్యి వేసి దిగింది. దాని బరువంతా నామీద వేసింది. నా కాళ్ళకింద ఇసుకే నిలవడం లేదు, దానికి తోడు దీని బరువు. చూసేవాళ్ళకు మాత్రం అది నన్ను పట్టుకుని దింపినట్టుంది.

"ఏమైందే?" అని మా అత్త వచ్చింది.

"నాకు తగ్గలేదత్తా. ఎన్నడు తగ్గలే. ఆనాడు ఊకెనే పోయిందన్న," అన్నాను. ఒక్కసారే చెప్పేశాను, ఆగితే చెప్పలేను.

మా ఆయన చేతిలో ఫోను దిగిపోయింది. వీణ అప్పుడే దిగి వచ్చి, నా మొహం చూసి నిలబడిపోయింది. అత్త కొడుకువైపు తిరిగింది. "ఇన్నవారా? నాటకమని నేనెప్పటి సందో అంటున్న. రోగం నాటకమె, నయమైతె గది గూడ నాటకమె. గీ పిల్లను చూడు, రాట్నం ఇడిచిపెట్టి, పట్టుకొని దింపింది. గిదీ మనిషంటె."

అనుకున్నంతా అయింది. మాట మాటకూ నేను భయపడ్డదే. ఇక నేను నోరు తెరిచి, పట్టుకుంది అది కాదు, నేను అని చెప్పొచ్చు. చెబుదామని నోరు తెరిచాను కూడా.

"నేను పట్టుకోలేదత్తమ్మా," అంది ప్రసన్న. మెల్లగా ఇసుకలో కూర్చుంది, కళ్ళు ఆ బల్బు మీదే పెట్టి. "అక్కనే నన్ను వట్టుకున్నది. నాకు మల్లొచ్చింది. నాలుగొద్దుల సంది దాస్తున్న. నా చేతుల ఏం లేదు. ఆమెది నాటకం గాదు. నాటకమైతె గిట్ల చేతులు సల్లవడవు, పట్టుకొని చూడు."

నేనూ దాని పక్కనే కూలబడ్డాను. అత్త వంగి నా చేతులు పట్టుకుంది. అవి మంచులా ఉన్నాయి. దాని చేతులు పట్టుకుంది. అవీ అంతే. రెండు చేతులతో ఇద్దరివీ కలిపి పట్టుకుని రుద్దింది. మూడేళ్ళు నేను చెబితే నమ్మని మనిషి, అది ఒక్కసారి చెప్పగానే నమ్మింది. నమ్మినందుకు ఏడవాలో, దాని మాటకు నమ్మినందుకు ఏడవాలో తెలియక నేను రెండింటికీ కలిపి ఏడ్చాను.

మా ఆయన నా పక్కన ఇసుకలో కూలబడ్డాడు. "తొక్కు నేనే వేసిన గదనే రోజు," అన్నాడు. వీణ వచ్చి నా వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది, ఇంట్లో గోడ ఉన్నట్టు.

కాసేపటికి ప్రసన్నకు నిదానించింది. దాని రోగం కూడా దానిలాగే తొందర మనిషి, కదలకుండా కూర్చుంటే ఇట్టే పోతుంది. రేపు వినోద్ మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడు, మళ్ళీ తల అటూ ఇటూ తిప్పిస్తాడు, మళ్ళీ మెట్ల మధ్యలోంచి గబగబా ఎక్కుతుంది. నాకు ఈ పూటంతా ఇల్లు తిరుగుతుంది, రేపంతా నీరసం. అది తలచుకుంటే ఆ ఏడుపులోనే నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది. అది కనిపెట్టిందేమో, "రేపు నాతోటి రా అక్కా," అంది. "నన్ను తిప్పేటప్పుడు పక్కన కూసో. నీకైతె తెలుస్తది."

అత్త పొట్లం విప్పింది. భజియాలు ఇంకా వేడిగా ఉన్నాయి. ఒకటి తీసి నాకివ్వబోయి ఆగింది. దానికి ఉప్పు, పైన చల్లిన మసాలా, లోపల చట్నీ. ఆమె ఇసుకలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, గోళ్ళతో పిండంతా ఒలిచింది. చట్నీని కొంగుతో తుడిచింది. లోపలి టమాట ముక్కను వెంట తెచ్చిన చెంబులో నీళ్ళతో కడిగింది. మూడేళ్ళలో నా ఉప్పు సంగతి ఆమె తలచుకోవడం అదే మొదలు.

"తిను. చప్పగుంటది," అని నా అరచేతిలో పెట్టింది.

ఒలిచిన పిండిని పారేయలేదు. అంతా తీసి ప్రసన్న చేతిలో పోసింది. నేను టమాట ముక్క నోట్లో పెట్టుకున్నాను. పక్కన అది పిండి కరకరా నములుతున్న చప్పుడు నా మంచి చెవికి చాలా బాగా వినిపించింది.